రొయ్యల ప్యాకింగ్ హాల్: డేటాబేస్ నుంచి థర్మల్ ప్రింటరుకి బార్‌కోడ్ లేబుళ్లు – చిన్న లేబుల్ చదవట్లేదు, నంబర్లు రెండేసిసార్లు వస్తున్నాయి

భీమవరం_ప్యాకింగ్‌హాల్ అడిగారు:

అందరికీ నమస్కారమండి. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో లేబుళ్ల పని చూస్తున్నాను. నాలుగు చిక్కులున్నాయి. వివరాలన్నీ ముందే పెట్టేస్తున్నాను, మళ్లీ మళ్లీ అడిగే పని లేకుండా.

డేటాబేస్ మై ఎస్‌క్యూఎల్, సర్వరు క్లౌడ్‌లో ఉంది. హాల్లో రెండు తూకం బల్లలు, ఒక్కో బల్లకి ఒక విండోస్ కంప్యూటరు, ఒక థర్మల్ ప్రింటరు. ప్రింటర్లు రెండూ 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు), 4 అంగుళాలవి, రిబ్బన్‌తో నడిచేవి, టీఎస్‌పీఎల్ అనే ప్రింటరు భాషలో కమాండ్లు తీసుకుంటాయి. ఇప్పుడు చేస్తున్నదేంటంటే, డేటాబేస్ నుంచి ఎక్సెల్‌లోకి దించుతాం, రిపోర్టు టూలు ఆ ఎక్సెల్ చదివి లేబుల్ గీస్తుంది, విండోస్ డ్రైవరు గుండా ప్రింటరుకి పోతుంది.

మాస్టర్ కార్టన్‌కి 100 × 50 మి.మీ. లేబుల్. లోపలి ప్యాకెట్లకి 50 × 25 మి.మీ., రోల్ మీద పక్కపక్కన రెండేసి. రెండింటి మీదా కోడ్ 128 రకం బార్‌కోడ్. అందులో ఆర్, పీ అనే రెండు అక్షరాలు, డ్యాష్, 250614 లాంటి తేదీ, డ్యాష్, 00037 లాంటి వరుస నంబరు. అంతా కలిపి 15 క్యారెక్టర్లు. కార్టన్ లేబుల్లో బార్‌కోడ్ బాక్సు వెడల్పు 88 మి.మీ., చిన్నదాంట్లో 44 మి.మీ.

మొదటిది, కార్టన్ లేబుల్ స్కానరు టక్కున చదువుతోంది. చిన్నదైతే పదింట్లో రెండో మూడో చదువుతోంది. అదే చిన్న లేబుల్ ఫోన్ కెమెరా మాత్రం చదివేస్తోంది. నలుపు పెంచి చూశాం, ఇంకా చెడిపోయింది. రెండోది, ఒకే నంబరు రెండు కార్టన్ల మీద కనబడుతోంది, లోడింగ్ దగ్గరికి వెళ్లేదాకా తెలియట్లేదు. మూడోది, రాత్రి షిఫ్టులో 12 దాటాక తెరిచిన లాట్లకి ముందురోజు తేదీ పడుతోంది, తెల్లారాక మళ్లీ సరిగ్గానే వస్తోంది. నాలుగోది, మైనస్ 18 కోల్డ్ స్టోరులోంచి బయటికి తీసిన కార్టన్ల మీద లేబుల్ అంచులు లేచిపోతున్నాయి, చెయ్యి తగిలితే అక్షరాలు చెదిరిపోతున్నాయి. లేబుల్ మామూలు క్రోమో పేపరు (పూత పూసిన నున్నటి కాగితం), రిబ్బన్ వ్యాక్స్ (మైనం) రకం.

ప్రింటరు మార్చాలా, పద్ధతి మార్చాలా?


తణుకు_203 జవాబు:

ప్రింటరు మార్చక్కర్లేదండి. మీ మొదటి చిక్కుకి కారణం మీరు ఇచ్చిన కొలతల్లోనే ఉంది. కాగితం మీద లెక్క వేద్దాం.

203 డీపీఐ అంటే మిల్లీమీటరుకి 8 డాట్లు. హెడ్ డాట్ వేస్తుంది, లేదంటే వెయ్యదు. సగం డాట్ అనేది ఉండదు. కోడ్ 128లో ఒక్కో క్యారెక్టరుకి 11 మాడ్యూళ్లు, మాడ్యూల్ అంటే అన్నిటికన్నా సన్న గీత వెడల్పు. మొదలు గుర్తు స్టార్ట్‌కి 11, తప్పు పట్టే చెక్ క్యారెక్టరుకి 11, ముగింపు గుర్తు స్టాప్‌కి 13. మీ 15 క్యారెక్టర్లనీ రిపోర్టు టూలు బీ సెట్‌లో (అక్షరాలూ అంకెలూ ఒక్కొక్కటిగా) గీస్తే 165 + 11 + 11 + 13, మొత్తం 200 మాడ్యూళ్లు. రెండు పక్కలా 10 మాడ్యూళ్ల చొప్పున ఖాళీ తప్పనిసరి, దాంతో 220.

ఇప్పుడు మీ 44 మి.మీ. బాక్సు అంటే 352 డాట్లు. 352ని 220తో భాగిస్తే మాడ్యూల్‌కి 1.6 డాట్లు. ప్రింటరు 1.6 వెయ్యలేదు కాబట్టి డ్రైవరు సర్దుతుంది: ఒక మాడ్యూల్‌కి 2, పక్కదానికి 1, మళ్లీ 2, 1, 2. ఒకే వెడల్పు ఉండాల్సిన రెండు గీతల్లో ఒకటి 0.125 మి.మీ., ఇంకోటి 0.25 మి.మీ. అవుతోంది. స్కానరు కొలిచేదే గీతల, ఖాళీల వెడల్పులు. ఒకటి ఇంకోదానికి రెట్టింపైతే అది ఏమని చదవాలి? ఒక లేబుల్ తీసుకుని భూతద్దం కింద పెట్టి సన్న గీతలే వరసగా చూడండి, ఒకటి వెంట్రుకలా, ఒకటి లావుగా కనబడతాయి.

కార్టన్ లేబుల్ ఎందుకు చదువుతోందంటే, 88 మి.మీ. అంటే 704 డాట్లు, మాడ్యూల్‌కి 3.2. అక్కడా సర్దుబాటు జరుగుతోంది, కానీ 3, 3, 3, 3, 4. తేడా మూడో వంతే కాబట్టి స్కానరు ఓర్చుకుంటోంది. అంటే ఆ లేబుల్‌కీ అదే జబ్బుంది, బయటపడలేదంతే. నలుపు పెంచితే చెడిందన్నారు. అదీ దీనివల్లే. వేడి ఎక్కువైతే గీత పక్కలకి పాకుతుంది, ఒక్క డాట్ ఖాళీ ఉన్నచోట పూడుకుపోతుంది. ఫోన్ కెమెరా బొమ్మంతా తీసుకుని రకరకాలుగా ప్రయత్నిస్తుంది, అందుకని దాన్ని పరీక్షగా లెక్కలోకి తీసుకోకండి. లోడింగ్ దగ్గర ఏ స్కానరు వాడతారో దాంతోనే చూడాలి.

బాక్సు పెద్దది చేద్దామన్నా కుదరదు. 200 మాడ్యూళ్లు 2 డాట్ల చొప్పున వేస్తే 400 డాట్లు, అంటే 50 మి.మీ. లేబుల్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి గీతలే నిండిపోతాయి. ఖాళీ అంచుకి చోటే లేదు. కాబట్టి నంబరే చిన్నదవ్వాలి.

నా సలహా: అక్షరాలు, డ్యాష్‌లు తీసెయ్యండి. 6 అంకెల తేదీ, 6 అంకెల వరుస నంబరు, మొత్తం 12 అంకెలు. ఉత్త అంకెలైతే కోడ్ 128 సీ సెట్‌లోకి వెళ్తుంది, రెండంకెలకి ఒక్క క్యారెక్టరే. 6 × 11 = 66, దానికి 11, 11, 13 కలిపితే 101 మాడ్యూళ్లు. మాడ్యూల్‌కి 3 డాట్లు వేసినా 303 డాట్లే, ఖాళీలతో కలిపి 363. మీ లేబుల్ 400. హాయిగా పడుతుంది, గీతలన్నీ సమానంగా వస్తాయి. అంకెల సంఖ్య సరిసంఖ్యగా ఉండటం మర్చిపోకండి, 11 అంకెలైతే మిగిలిన ఒక్కదాని కోసం సెట్ మారి బార్‌కోడ్ పొడుగవుతుంది. ఆర్‌పీ కావాలంటే కింద అక్షరాల్లో ముద్రించుకోండి, గీతల్లో అక్కర్లేదు. బార్‌కోడ్ అనేది డేటాబేస్‌లో వరస వెతికే తాళంచెవి, అందులో కౌంటు, గ్రేడు, బరువు కుక్కే పనిలేదు.

ఇక రెండో సగం. రిపోర్టు టూలు బార్‌కోడ్‌ని బొమ్మగా పంపుతోంది. అది మానేసి, గీసే పని ప్రింటరుకే అప్పగించండి. కమాండ్లు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో టైపు చెయ్యాలి, ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. పక్కపక్కన రెండు లేబుళ్ల రోల్‌కి:

సైజ్ 102 మి.మీ., 25 మి.మీ. – రెండు యాభైలు, మధ్యలో 2 మి.మీ. ఖాళీ. మీ రోల్ మీద స్కేలు పెట్టి కొలుచుకోండి.
గ్యాప్ 3 మి.మీ., 0 – పై లేబుల్‌కీ కింది లేబుల్‌కీ మధ్య దూరం. ఇదీ కొలవాల్సిందే.
స్పీడ్ 3, డెన్సిటీ 8 – డెన్సిటీ 0 నుంచి 15 దాకా ఉంటుంది, 8తో మొదలుపెట్టండి.
సీఎల్‌ఎస్ – ప్రింటరు మెమరీలోని పాత బొమ్మ చెరిపేస్తుంది.
బార్‌కోడ్ 48, 70, "128", 80, 1, 0, 3, 3, "250614000037" – ఎడమ లేబుల్.
బార్‌కోడ్ 464, 70, "128", 80, 1, 0, 3, 3, "250614000038" – కుడి లేబుల్.
ప్రింట్ 1, 1.

48 ఎలా వచ్చిందంటే, 400లోంచి 303 తీసేస్తే 97, దాంట్లో సగం. కుడిదానికి 52 మి.మీ. జరగాలి, అంటే 416 డాట్లు, 48 + 416 = 464. 80 అనేది ఎత్తు, 10 మి.మీ. దాని పక్కనున్న 1 కింద అంకెలు ముద్రించమని, 0 తిప్పొద్దని, ఆ తర్వాతి 3 సన్న గీత వెడల్పు డాట్లలో. ప్రతి లైను చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండూ పడాలి, లేకపోతే చివరి లైను ప్రింటరు పట్టించుకోకుండా కూర్చుంటుంది.

పంపడం తేలికే. ప్రింటరుని విండోస్‌లో షేర్ చేసి, ఈ లైన్లన్నీ ఒక టెక్స్ట్ ఫైలుగా రాసి, కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ స్లాష్ బీ ఫైలుపేరు, షేరు పేరు అని కొడితే చాలు. ప్రోగ్రాము నుంచైతే స్పూలర్‌కి (విండోస్‌లో ప్రింటు పనులు చూసేది) రా డేటాగా, అంటే డ్రైవరు ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు ఇవ్వండి. మామూలుగా ప్రింట్ చేస్తే డ్రైవరు ఈ కమాండ్ల పాఠాన్నే లేబుల్ మీద అక్షరాలుగా ముద్రిస్తుంది. నెట్‌వర్క్ కార్డున్న ప్రింటరైతే 9100 పోర్టుకి నేరుగా పంపొచ్చు.


కాకినాడ_డీబీ జవాబు:

పైన తణుకు గారు చెప్పింది అక్షరాలా పాటించండి. ఒక్క హెచ్చరిక: 12 అంకెలకి మారగానే ఎక్సెల్ దారి మూసెయ్యాలి. సాధారణ గడిలో 11 అంకెలు దాటిన సంఖ్యని ఎక్సెల్ 2.50614ఈ+11 లాగా చూపిస్తుంది. సీఎస్‌వీ టెక్స్ట్ ఫైలుగా మళ్లీ సేవ్ చేశారంటే చివరి అంకెలు పోయినట్టే, వంద లేబుళ్లూ ఒకే నంబరుతో వస్తాయి. లేబుల్ ప్రోగ్రాము డేటాబేస్‌నే నేరుగా చదవాలి. బార్‌టెండర్ లాంటి లేబుల్ సాఫ్ట్‌వేర్ వాడినా ఓడీబీసీ (ప్రోగ్రాముని డేటాబేస్‌కి కలిపే మార్గం) గుండా కలపొచ్చు, కాకపోతే 64 బిట్ సాఫ్ట్‌వేర్‌కి 64 బిట్ ఓడీబీసీ డ్రైవరే కావాలి. రెండూ కలవకపోతే డేటా సోర్స్ జాబితాలోనే కనబడదు, జనం గంటలకొద్దీ పాస్‌వర్డ్ తప్పేమో అని వెతుకుతారు. ఇంకోటి, అలాంటి సాఫ్ట్‌వేర్‌కి ఊరికే టేబుల్ చూపిస్తే ప్రతిసారీ మొదటినుంచీ అన్ని వరసలూ ముద్రిస్తుంది. ఇంకా ముద్రించని వరసలే వచ్చేలా ఒక వ్యూ రాసి దాన్ని చూపించండి.

నంబర్లు రెండుసార్లు రావడం గురించి. మీ ప్రోగ్రాము ఉన్నవాటిలో పెద్ద నంబరు వెతికి దానికి 1 కలుపుతోందని నా అంచనా. ఒక బల్ల దగ్గర చూసినప్పుడు పెద్దది 36, అదే క్షణంలో రెండో బల్ల చూసినా 36. ఇద్దరూ 37 వేసుకుంటారు. నంబరు కాలమ్ మీద యూనిక్ కీ (ఒకే విలువని రెండుసార్లు రానివ్వని నియమం) ఉండుంటే రెండోది అక్కడే ఆగిపోయేది. ఆగలేదంటే ఆ కీ పెట్టలేదన్నమాట. ముందు అది పెట్టండి, ఇవాళే. పాతవాటిలో డూప్లికేట్లుంటే కీ పెట్టనివ్వదు, వాటిని వేరు చేసి ఆ కార్టన్లకి కొత్త నంబరు అతికించాకే ముందుకెళ్లాలి.

తర్వాత నంబర్లు తీసుకునే విధానం. కౌంటరు అని ఒక చిన్న టేబుల్, తేదీకి ఒక వరస, అందులో చివరి నంబరు. టేబుల్ ఇన్నోడీబీ రకం (వరసకి తాళం వెయ్యనిచ్చేది) అయ్యుండాలి. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఆ వరసని తాళం వేసే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో తీసుకోండి. 40 లేబుళ్లు కావాలంటే 40 కలిపి రాయండి, లేబుల్ టేబుల్‌లో 40 వరసలు చేర్చండి, కమిట్ చెయ్యండి (అప్పుడే మార్పులు ఖాయమై తాళం వదులుతుంది). ప్రింటింగ్ ఆ తర్వాతే. కొందరు ప్రింట్ పూర్తయ్యాక కమిట్ చేద్దామని చూస్తారు. అప్పుడు ఒక బల్ల ప్రింటర్లో రిబ్బన్ అయిపోతే రెండో బల్ల కూడా తాళం వదిలేదాకా నిలబడిపోతుంది.

నెట్ పోయే చోటైతే ఇంకో ఉపాయం ఉంది. 6 అంకెల్లో మొదటి అంకెని బల్ల నంబరు చెయ్యండి. మొదటి బల్లకి 100001 నుంచి, రెండో బల్లకి 200001 నుంచి. రోజుకి బల్లకి 99,999 చాలు కదా. అప్పుడు ఏ బల్ల కంప్యూటరు ఆ నంబర్లు తనలోనే లెక్కపెట్టుకుని, నెట్ వచ్చాక పైకి పంపుకోవచ్చు. యూనిక్ కీ మాత్రం అప్పుడూ ఉండాల్సిందే.

డూప్లికేట్లకి ఇంకో తలుపు రీప్రింట్. 300 లేబుళ్లు ఒకేసారి పంపారు, 180 దగ్గర కరెంటు పోయింది. ప్రింటరు మెమరీలో మిగతావి పోయాయి. ఎక్కడ ఆగిందో తెలియక మళ్లీ 300 కొడతారు, 180 నంబర్లకి రెండేసి లేబుళ్లు హాల్లో తిరుగుతుంటాయి. దీనికి లేబుల్ టేబుల్‌లో స్థితి అని ఒక కాలమ్ పెట్టండి: తీసుకున్నది, పంపినది, అతికినది, రద్దయినది. ఒక్కోసారి 20 మించి పంపకండి. కార్టన్‌కి అతికించాక బల్ల దగ్గర స్కానరుతో ఒకసారి కొడితే అతికినది అవుతుంది. అతికిన నంబరుని మళ్లీ ముద్రించడానికి ప్రోగ్రాము ఒప్పుకోకూడదు. లేబుల్ చిరిగిపోతే పాత నంబరు రద్దు చేసి కొత్త నంబరు ఇవ్వండి, నంబర్ల మధ్య ఖాళీలు పడితే నష్టం ఏమీ లేదు. కార్టన్‌కి రెండు పక్కలా ఒకే నంబరు కావాలంటే మాత్రం ప్రింట్ 1, 2 అని కొట్టండి, లెక్కలో అది ఒక్కటే.

రాత్రి తేదీ సంగతి: క్లౌడ్ సర్వరు గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంది. మన టైము దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. మనకి అర్ధరాత్రి 12 అయినప్పుడు అక్కడ సాయంత్రం ఆరున్నర, నిన్నటి తేదీయే. తెల్లవారుజామున 5.30 అయితే గానీ అక్కడ తేదీ మారదు. మీ తప్పు తేదీ లేబుళ్లు 12కీ 5.30కీ మధ్యవే అయ్యుండాలి, చూసుకోండి. కనెక్షన్ తెరవగానే సెట్ టైమ్ జోన్ +05:30 అని కొడితే ఆ తేడా పోతుంది. కానీ అక్కడితో వదిలెయ్యకండి. లాట్ రాత్రి 11కి మొదలై 2 దాకా నడిస్తే, సగం లేబుళ్లకి ఒక తేదీ, సగానికి ఇంకో తేదీ పడటం తప్పు కాదా? ఉత్పత్తి తేదీ లాట్‌కి చెందినది, ప్రింటు కొట్టిన క్షణానికి కాదు. లాట్ తెరిచేటప్పుడు సూపర్‌వైజరు వేసిన తేదీని లాట్ టేబుల్‌లో డేట్ రకంగా దాచి, ప్రతి లేబుల్ అక్కణ్ణుంచే తీసుకోవాలి. కౌంటరు కూడా ఆ తేదీ మీదే నడవాలి.

నంబరు కాలమ్ క్యారెక్టర్ 12గా పెట్టండి, ఇంటీజర్ వద్దు. దాంతో కూడికలు చెయ్యం కదా.


పాలకొల్లు_రిబ్బన్ జవాబు:

నాలుగోదానికి నేను చెప్తానండి. మన వైపు గాల్లో తేమ ఎక్కువ, ఆ లెక్క వేసుకోకుండా లేబుల్ కొంటే ఇదే జరుగుతుంది. మైనస్ 18లోంచి కార్టన్ బయటికి రాగానే నిమిషంలో దాని మీద నీళ్లు పడతాయి. క్రోమో పేపరు ఆ నీళ్లు తాగి ఉబ్బుతుంది, వ్యాక్స్ ముద్ర పైపైనే అంటుకుని ఉంటుంది కాబట్టి వేలితో రాస్తే వచ్చేస్తుంది. కార్టన్‌కి పీపీ లేబుల్, అంటే ప్లాస్టిక్ రకం, దాని మీదికి వ్యాక్స్ రెసిన్ రిబ్బన్. పూర్తి రెసిన్ ఇంకా గట్టిదే, కానీ దానికి వేడి ఎక్కువ కావాలి, స్పీడు తగ్గించాలి, ఖరీదూ ఎక్కువ. మీ పనికి వ్యాక్స్ రెసిన్ సరిపోతుంది. లేబుల్, రిబ్బన్ జోడీగా మార్చండి. పీపీ మీద ఉత్త వ్యాక్స్ వేస్తే ఇప్పటికన్నా తేలిగ్గా చెరిగిపోతుంది.

జిగురు విషయంలో కొనేటప్పుడు రెండు ఉష్ణోగ్రతలు అడగండి. అతికించేటప్పుడు ఎంత ఉండాలి, అతికాక ఎంత చలి తట్టుకోవాలి. అమ్మేవాళ్లు రెండోదే చెప్తారు. మైనస్ 20 తట్టుకుంటుందన్న జిగురు కూడా చల్లటి కార్టన్ మీద అతికిస్తే పట్టుకోకపోవచ్చు, ఎందుకంటే జిగురు కాగితం గరుకులోకి పాకి పట్టుకోవాలి, చలికి అది గట్టిపడిపోతుంది. కాబట్టి కార్టన్ ఖాళీగా, పొడిగా ఉన్నప్పుడే, హాల్లో కాకుండా బయట గదిలో అతికించి, అరచేత్తో మధ్యనుంచి అంచులకి గట్టిగా రుద్దండి. తర్వాత కాసేపు ఆగి లోపలికి పంపండి. ముందే అతికించడం కుదరదు, గడ్డకట్టాకే కార్టన్‌కి వెయ్యాలి అంటే ఫ్రీజర్ గ్రేడ్ జిగురున్న రోల్ అని ప్రత్యేకంగా అడగాలి. కార్టన్ మీద మైనం పూత ఉంటే దాని ముక్క ఒకటి లేబుల్ సప్లయరుకి పంపి పరీక్షించమనండి.

రిబ్బన్ లేని డైరెక్ట్ థర్మల్ లేబుల్ చవకని కార్టన్‌కి వాడొద్దు. ఎండకీ వేడికీ ఆ కాగితం నల్లబడటమో వెలిసిపోవడమో జరుగుతుంది. చెరువు నుంచి వచ్చిన సరుకు తూకం చీటీకి, ఆ రోజుతో పనైపోయే దానికి పర్లేదు.

హెడ్ గురించి రెండు మాటలు. రిబ్బన్ వెడల్పు లేబుల్ రోల్ కన్నా కాస్త ఎక్కువుండాలి. 102 రోల్‌కి 110 మి.మీ. రిబ్బన్. తక్కువైతే రిబ్బన్ లేనిచోట లేబుల్ హెడ్‌కి నేరుగా రాసుకుని అరిగిస్తుంది. రిబ్బన్ మార్చిన ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బట్టతో హెడ్ ఒకే దిక్కుకి తుడవండి, ఆరాకే మూత వెయ్యండి. లేబుల్ నడిచే దిక్కులో ప్రతి లేబుల్‌మీదా ఒకేచోట సన్నటి తెల్లగీత వస్తుంటే ముందు తుడిచి చూడండి. పోకపోతే హెడ్‌లో ఆ డాట్ చచ్చిపోయినట్టు. ఏటవాలు తెల్లగీతలైతే అది హెడ్ కాదు, రిబ్బన్ ముడత. రిబ్బన్ రీలు ఒక పక్కకి జరిగి ఉంటుంది, లేదా హెడ్ ఒత్తిడి రెండు వైపులా సమానంగా ఉండదు.

విప్పిన రోల్స్ రాత్రి హాల్లో వదలొద్దు. ప్లాస్టిక్ కవరులో పెట్టి పొడిగదిలో ఉంచండి, తేమకి అంచులు వంకరపోతే గ్యాప్ సెన్సరు కూడా తడబడుతుంది. క్రోమో నుంచి పీపీకి మారినప్పుడు సెన్సరు మళ్లీ క్యాలిబ్రేట్ చెయ్యాలి, మందం వేరు, వెలుతురు దాటే తీరు వేరు. చెయ్యకపోతే మధ్యలో ఖాళీ లేబుళ్లు వదులుతూ పోతుంది.


భీమవరం_ప్యాకింగ్‌హాల్ మళ్లీ:

ఆయ్, చాలా సంతోషమండి అందరికీ. 12 అంకెలు, 3 డాట్లు, కాపీ స్లాష్ బీ. లోడింగ్ స్కానరుతో 60 చిన్న లేబుళ్లు కొట్టి చూశాం, 60కి 60 మొదటి కొట్టుకే చదివింది. తప్పు తేదీ లాట్లన్నీ 12కీ 5.30కీ మధ్యవే. యూనిక్ కీ పెట్టబోతే పాతవి 14 డూప్లికేట్లు బయటపడ్డాయి, వాటిని వేరు చేస్తున్నాం. పీపీ రోల్, వ్యాక్స్ రెసిన్ శాంపిలు తెప్పిస్తున్నాం.

కొత్తగా మూడు సందేహాలు. లేబుళ్ల సంఖ్య బేసి అయినప్పుడు, అంటే 41 కొడితే, ఆఖరి వరసలో కుడి లేబుల్ మీద 40వ నంబరే మళ్లీ పడుతోంది. ఇక్కడి మార్కెట్‌కి వెళ్లే ప్యాకెట్ మీద రొయ్యలు అని తెలుగులో కావాలి, ప్రింటరు డబ్బాలు వేస్తోంది. ఒక కొనుగోలుదారు కార్టన్ మీద జీఎస్1-128 అనే అంతర్జాతీయ ప్రమాణ బార్‌కోడ్ అడుగుతున్నాడు. ఇప్పుడున్న కోడ్ 128 చాలదా?


తణుకు_203 జవాబు:

బేసి లేబుల్ సంగతి: ఆఖరి వరసలో కూడా మీ ప్రోగ్రాము కుడి బార్‌కోడ్ లైను పంపుతోందని, అందులో పాత 40 మిగిలిపోతోందని నా అంచనా. సంఖ్య బేసి అయితే చివరి వరసలో ఆ కుడి లైను పంపకండి. ప్రింటరు మెమరీలో బొమ్మ ప్రింటు తర్వాత చెరగదు, సీఎల్‌ఎస్ ఇచ్చేదాకా అలాగే ఉంటుంది.  అందుకని జతకి జతకి మధ్య సీఎల్‌ఎస్ కూడా ఉండాల్సిందే. 

తెలుగుకి ప్రింటరు సొంత ఫాంటు పనికిరాదు. తెలుగు ఫాంటు ఎక్కించినా గుణింతాలూ వత్తులూ విడివిడిగా పడతాయి, ఎందుకంటే అక్షరాలని కలిపి కూర్చే పని మామూలుగా విండోస్ చేస్తుంది, ప్రింటరు చెయ్యదు. అందుకని పేరు మాత్రం బొమ్మ చెయ్యండి. కంప్యూటర్లో కావలసిన ఫాంటులో రొయ్యలు అని రాసి, 203 డీపీఐ దగ్గర అసలు కొలతలోనే, ఉదాహరణకి 160 × 48 డాట్లు, నలుపు తెలుపు ఒక బిట్ బిట్‌మ్యాప్‌గా సేవ్ చేసి, ప్రింటరు మెమరీలోకి ఒకసారి దించితే చాలు. తర్వాత ప్రతి లేబుల్‌లో పుట్ బీఎంపీ కమాండుతో పేరు పిలవండి. బూడిద రంగు అంచులు ఉంచకండి, ప్రింటరు వాటిని చుక్కలు చేసేస్తుంది, య వత్తు కలిసిపోతుంది. అక్షరం ఎత్తు 4 మి.మీ. కన్నా తగ్గితే కూడా వత్తులు పూడుకుంటాయి.


రావులపాలెం_లాజిస్టిక్స్ జవాబు:

జీఎస్1-128 గీతలు కోడ్ 128వే, కానీ లోపలి వ్యాకరణం వేరండి. స్టార్ట్ తర్వాత వెంటనే ఎఫ్ఎన్‌సీ1 అనే ప్రత్యేక గుర్తు ఉండాలి, అది లేకపోతే కొనుగోలుదారు సిస్టమ్ దాన్ని మామూలు నంబరుగానే చూస్తుంది. టీఎస్‌పీఎల్‌లో 128 బదులు ఈఏఎన్128 అనే రకం ఇస్తే ఆ గుర్తు తనే వేస్తుంది. తర్వాత ఒక్కో సమాచారానికీ ముందు ఒక సంకేత సంఖ్య: 01 తర్వాత 14 అంకెల జీటిన్ (సరుకుని గుర్తించే నంబరు), 11 తర్వాత ఉత్పత్తి తేదీ, 3102 తర్వాత రెండు దశాంశాలతో నికర బరువు కిలోల్లో, 10 తర్వాత బ్యాచ్. 1.8 కిలోల స్లాబులు 10 ఉన్న కార్టన్ 18 కిలోలు కదా, అది 3102001800 అవుతుంది. కింద చదువుకోవడానికి వేసే బ్రాకెట్లు మనుషుల కోసమే, గీతల్లోకి వెళ్లకూడదు. బ్యాచ్ పొడవు మారుతుంది కాబట్టి దాన్ని ఆఖర్న పెట్టండి, మధ్యలో పెడితే దాని తర్వాత మళ్లీ ఎఫ్ఎన్‌సీ1 పెట్టాల్సి వస్తుంది. జీటిన్ మీరు సొంతంగా అల్లుకునేది కాదు, ఈ నంబర్లు కేటాయించే సంస్థ జీఎస్1 ఇండియా దగ్గర కంపెనీ ప్రిఫిక్స్ (నంబరు మొదట్లో వచ్చే కంపెనీ అంకెలు) తీసుకోవాలి, మన దేశం నుంచి తీసుకున్నవి 890తో మొదలవుతాయి.

లేబుల్ కొలత మారుతుంది, అది ముందే తెలుసుకోండి. రవాణాలో స్కాన్ చేసే కార్టన్‌కి మాడ్యూల్ కనీసం 0.495 మి.మీ. ఉండాలి, అంటే మీ ప్రింటరు మీద 4 డాట్లు. 01, 11, 3102, 6 అంకెల బ్యాచ్ అన్నీ ఒకే వరసలో పెడితే ఖాళీలతో కలిపి 297 మాడ్యూళ్లు, 1188 డాట్లు, దాదాపు 149 మి.మీ. మీ 100 × 50లో పట్టే మాటే లేదు. 100 × 150 లేబుల్ తీసుకుని, 01, 3102 ఒక బార్‌కోడ్‌లో, 11, 10 రెండోదాంట్లో పెట్టి, రెండింటినీ 150 పొడవు వెంబడి తిప్పి గీయండి. మొదటిది 209 మాడ్యూళ్లు, 836 డాట్లు వస్తుంది, 1200 డాట్ల పొడవులో సుఖంగా కూర్చుంటుంది. ఎత్తు 32 మి.మీ. ఇవ్వండి. అలా తిప్పి గీసినప్పుడు గీతలు లేబుల్ నడిచే దిక్కుకి అడ్డంగా పడతాయి, స్పీడు ఎక్కువైతే గీత అంచు సాగుతుంది. అందుకని ఈ లేబుల్‌కి మాత్రం స్పీడ్ 2 పెట్టి మొదలుపెట్టండి. ఒక లాభం కూడా ఉంది: హెడ్‌లో ఒక డాట్ చచ్చినా ఇలా తిప్పినప్పుడు ప్రతి గీతకీ చిన్న గాటు పడుతుందే గానీ మొత్తం గీత మాయమవ్వదు.

మీ లోపలి 12 అంకెల బార్‌కోడ్‌ని అదే లేబుల్ మీద పెట్టదలిస్తే దూరంగా, కింది మూలన పెట్టండి. రెండూ దగ్గరగా ఉంటే లోడింగ్ కుర్రాళ్లు ఏది కొడుతున్నారో వాళ్లకే తెలియదు. ప్రోగ్రాములో కూడా చూసుకోండి: 12 అంకెలు ఉంటేనే మన నంబరు అని తీసుకోవాలి, ఇంకే పొడవు వచ్చినా బీప్ కొట్టి వెనక్కి పంపాలి.